ఒకే టీమ్, ఒకే పని, జీతంలో మాత్రం నాలుగున్నర లక్షల తేడా. హెచ్ఆర్‌ని అడగొచ్చా?

నానక్‌రామ్‌గూడ టెస్టర్:

అందరికీ నమస్తే. నేను నానక్‌రామ్‌గూడలో ఒక ప్రొడక్ట్ కంపెనీలో ఆటోమేషన్ టెస్టింగ్ చేస్తున్నాను, ఆరేళ్ల ఎక్స్‌పీరియన్స్. మా టీమ్‌లో నాతోపాటు ఇంకో అబ్బాయి ఉన్నాడు, ఇద్దరిదీ ఒకటే డిజిగ్నేషన్, ఒకటే గ్రేడ్, ఒకే మేనేజర్, పని టికెట్లు కూడా ఒకే పూల్‌లోంచి తీసుకుంటాం, రిలీజ్ రోజు రాత్రి తను లేకపోతే నేను కూర్చుంటా నేను లేకపోతే తను కూర్చుంటాడు. సర్వీస్ చూస్తే నాకే కొన్ని నెలలు ఎక్కువ.

ఈమధ్య తను హోమ్ లోన్ కోసం తిరుగుతున్నాడు. బ్యాంకు వాళ్లు ఏదో అడిగారంట, ఈ స్పెషల్ అలవెన్స్ అంటే ఏంటో చెప్పవా అని పేస్లిప్ నా ముందు పెట్టాడు. నాలాగే ఉంటుందిలే అనుకుని చూశాను. తన ఫిక్స్‌డ్, అంటే పనితీరుని బట్టి మారని ఖాయమైన జీతం, ఏడాదికి 16.4 లక్షలు. నాది 11.8. ఆ రోజు మిగతా పని ఎలా చేశానో నాకే తెలీదు. తన మీద నాకు కోపం లేదు, మంచివాడు, పని కూడా బాగా చేస్తాడు. కానీ నాకు ప్రతి అప్రైజల్‌లోనూ మంచి రేటింగే వస్తోంది, తనకి వచ్చిన రేటింగే నాకూ వస్తోంది, మరి ఈ తేడా దేనికి?

నేను మాదాపూర్‌లో ఒక సర్వీస్ కంపెనీ నుంచి వచ్చాను. చేరేటప్పుడు హెచ్ఆర్ మూడు నెలల పేస్లిప్పులు తీసుకుని, మీ కరెంట్ సీటీసీ (కంపెనీ ఏడాదికి మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) మీద 30 శాతం మించి ఇవ్వడం మా పాలసీలో లేదండి అన్నారు, సరే అన్నాను. తను వేరే ప్రొడక్ట్ కంపెనీ నుంచి వచ్చాడు, చేతిలో ఇంకో ఆఫర్ కూడా ఉంది అప్పుడు.

నా డౌట్లు ఏంటంటే, ఆఫర్ లెటర్‌లో జీతం వివరాలు ఎవరికైనా చెబితే డిసిప్లినరీ యాక్షన్ తీసుకుంటాం అని రాసుంది, మరి నేను దీని గురించి అడిగితే తను ఇరుక్కుంటాడా? ఒకవేళ సమానం చేయమంటే తన జీతం తగ్గిస్తారా? అసలు మన దగ్గర దీనికి చట్టం ఏమైనా ఉందా లేక ఇంకో కంపెనీ చూసుకోవడమేనా దారి? ఇంట్లో అడిగితే "ఉన్న ఉద్యోగం చూసుకో అమ్మా" అంటున్నారు.

పేరోల్ అక్క:

చెల్లీ, నేను చాలా ఏళ్లు కాంపెన్సేషన్ టీమ్‌లో పనిచేశాను, ఇది ఎలా జరుగుతుందో లోపలినుంచి చూశాను కాబట్టి చెప్తున్నా. చాలాసార్లు ఎవరూ కూర్చుని "ఈమె ఆడపిల్ల, తక్కువ ఇద్దాం" అనుకోరు. చేరేటప్పుడు పాత జీతం మీద శాతం వేస్తారు చూడు, అక్కడ మొదలవుతుంది. పాత కంపెనీలో తక్కువ ఇచ్చి ఉంటే ఆ తక్కువ నీతోపాటు ప్రతి కంపెనీకీ వస్తుంది. పెళ్లయ్యాక ఊరు మారిన వాళ్లు, పిల్లల కోసం ఏడాది రెండేళ్లు ఆగి మళ్లీ చేరిన వాళ్లు, ఇంటికి దగ్గరని తక్కువకి ఒప్పుకున్న వాళ్లు, వీళ్లలో ఎక్కువ మంది ఎవరో నీకు నేను చెప్పక్కర్లేదు.

తర్వాత హైక్ కూడా శాతమే కదా. ఇద్దరికీ ఒకే రేటింగ్, ఇద్దరికీ 10 శాతం అనుకో, నీది 12.98 అవుతుంది, తనది 18.04 అవుతుంది. 4.6 ఉన్న తేడా 5 లక్షలు దాటింది. ఎవరూ అన్యాయం చేయలేదు, అందరికీ సమానంగా హైక్ ఇచ్చామనే అనుకుంటారు, తేడా మాత్రం ప్రతి ఏప్రిల్‌కీ పెరుగుతూ పోతుంది. నేను ఆ షీట్లు చూసినప్పుడల్లా బాధేసేది, ఎందుకంటే షీట్ చూసేవాళ్లకి అది తెలుసు, ఆ వరసలో పేరున్న అమ్మాయికే తెలీదు.

ఇప్పుడు ఏం చేయాలంటే, తన పేరు ఎక్కడా ఎత్తకు. తన జీతం నీకు తెలిసినట్టు కూడా మాట్లాడకు, అవసరం లేదు. ప్రతి గ్రేడ్‌కీ ఒక పే బ్యాండ్ ఉంటుంది, కనీసం ఎంత, మధ్యలో ఎంత, గరిష్ఠం ఎంత అని. "నా గ్రేడ్ బ్యాండ్ ఎంత, అందులో నేను ఎక్కడున్నాను, ఇంత రేటింగ్ వస్తున్నా అక్కడే ఎందుకున్నాను" అని అడుగు. ఈ ప్రశ్న అడిగే హక్కు నీకుంది, దీనికి ఏ కాన్ఫిడెన్షియల్ క్లాజూ అడ్డు రాదు, నీ జీతం గురించే కదా అడుగుతున్నావు. బ్యాండ్ చెప్పం అన్నారంటే అదీ మెయిల్‌లోనే చెప్పమను.

ఇంకోటి, ఫిక్స్‌డ్‌ని ఫిక్స్‌డ్‌తోనే పోల్చు. సీటీసీలో కంపెనీ పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, వేరియబుల్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపేస్తారు, ఒక్కొక్కళ్లకి ఒక్కోలా ఉంటాయి, వాటితో పోలిస్తే వాళ్లు నిన్ను ఐదు నిమిషాల్లో పక్కకి తిప్పేస్తారు. నువ్వు ఫిక్స్‌డే చూశావు, మంచిది. అడిగే టైమ్ కూడా ముఖ్యం, లెటర్లు ప్రింటయ్యాక అడిగితే బడ్జెట్ అయిపోయింది అంటారు. మేనేజర్లు నంబర్లు పెట్టకముందే అడగాలి, మధ్యలో అయితే ఆఫ్ సైకిల్ కరెక్షన్, అంటే అప్రైజల్ టైమ్ కాకపోయినా జీతం సరిచేయడం అని ఒకటుంటుంది, ఆ మాట వాడు, వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

లేబర్ కేసుల లాయర్:

చట్టం లేకేం, ఉంది మేడమ్, ఉండి ఇప్పటికి యాభై ఏళ్లయింది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది, అంతకు ముందే రాజ్యాంగం 39 (డి) అధికరణంలో ఆడామగా ఇద్దరికీ సమాన పనికి సమాన వేతనం అని రాసిపెట్టారు. ఆ పాత చట్టం స్థానంలో వేతనాల కోడ్ 2019 పాసైంది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చింది. అందులో మూడో సెక్షన్ చదవండి, ఒకే సంస్థలో ఒకే పని గానీ అలాంటి పని గానీ చేసేవాళ్ల మధ్య జెండర్ కారణంగా వేతనంలో తేడా చూపకూడదు.

మీ స్నేహితుడి జీతం తగ్గిస్తారేమో అన్నారు కదా, అదే సెక్షన్‌లో ఉంది, సమానం చేయడం కోసం ఎవరి వేతనమూ తగ్గించకూడదు. తక్కువున్న వాళ్లని పైకి తేవాలి తప్ప ఎక్కువున్న వాళ్లని కిందికి దించడానికి లేదు. ఈ భయంతోనే చాలామంది ఆడవాళ్లు నోరు మూసుకుంటారు, కాబట్టి గట్టిగా చెప్తున్నాను.

ఐటీ వాళ్లం మాకు లేబర్ చట్టాలు వర్తించవు అని చాలామంది అనుకుంటారు. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 'వర్క్‌మన్' ఎవరు అనే దాని మీద గొడవ ఉండేది, అది వేరే. వేతనాల కోడ్‌లో ఉద్యోగి అనే నిర్వచనంలో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజీరియల్ పనులన్నీ ఉన్నాయి, మీరు దానిలోకి వస్తారు.

అసలు కష్టం ఎక్కడంటే 'అలాంటి పని' అని రుజువు చేయడంలో. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఈ నాలుగూ చూస్తారు, ఏమైనా తేడాలుంటే అవి ఉద్యోగంలో నిజంగా లెక్కలోకొచ్చే తేడాలేనా అని చూస్తారు. కంపెనీ ఏమంటుందో నాకు తెలుసు, అతని అనుభవం వేరు, అతను క్లిష్టమైన మాడ్యూల్ చూస్తాడు, అతనికి ఇంకో ఆఫర్ ఉంది అని. జెండర్ కాదు, మార్కెట్ అంటుంది. కాబట్టి మీరు కాగితం మీద పని చూపించాలి, ఎన్ని రిలీజులు, ఏ మాడ్యూల్స్, ఎవరికి ట్రైనింగ్ ఇచ్చారు, రేటింగులు ఏంటి అని.

దీని మీద మన సుప్రీంకోర్టు 1987లోనే ఒక మంచి తీర్పిచ్చింది, మెకిన్నన్ మెకంజీ కంపెనీ వర్సెస్ ఆడ్రీ డి'కోస్టా. బొంబాయిలో ఆవిడ కాన్ఫిడెన్షియల్ స్టెనోగ్రాఫర్, మగ స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ ఇచ్చారు. కంపెనీ ఏమందంటే యూనియన్‌తో ఒప్పందం అలాగే ఉంది, పైగా సమానంగా ఇచ్చే స్తోమత మాకు లేదు అంది. యూనియన్ ఒప్పుకుంది కదా అని చట్టం పక్కకి పోదు, డబ్బుల్లేవు అనేది కూడా సాకు కాదు అని కోర్టు తేల్చేసింది. ఉద్యోగం పోయాక కూడా ఆవిడ వదల్లేదు, వెంటబడింది, ఇవాళ మనం ఇలా మాట్లాడుకోగలుగుతున్నాం అంటే అలాంటి వాళ్ల వల్లే.

మాటలతో తేలకపోతే క్లెయిమ్ వేయొచ్చు, మూడేళ్ల లోపు వేయాలి. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం క్లెయిమ్ వినే అధికారికి ఉంది. మీరే వేయొచ్చు, మీరు మెంబర్‌గా ఉన్న యూనియన్ వేయొచ్చు. రాష్ట్ర కార్మిక శాఖ ఆఫీసు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర ఆంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది, వెళ్లి మీ ఏరియా ఏ అధికారి కిందికి వస్తుందో కనుక్కోండి. కానీ అది చివరి మెట్టు, ముందు లోపల అడగండి.

జీతం ఎవరికీ చెప్పకూడదన్న మీ ఆఫర్ లెటర్ క్లాజ్ గురించి. మన దేశంలో ఉద్యోగికి తన జీతం బయటికి చెప్పుకునే హక్కు ఉందని విడిగా రాసిన చట్టం లేదు, అమెరికాలో 1935 నుంచే ఉంది. అందుకని మీ స్నేహితుడు చూపించిన సంగతి మీ ఇద్దరి మధ్యే ఉంచండి, ఆ పేస్లిప్ ఫోటో గానీ స్క్రీన్‌షాట్ గానీ దగ్గర పెట్టుకోకండి, ఎవరికీ పంపకండి. అధికారి ముందు కేసు నడిస్తే రికార్డులు తెమ్మని కంపెనీనే అడుగుతారు, మీరు అతని కాగితం చూపించాల్సిన పనిలేదు.

కొండాపూర్ కోడర్:

లాయర్ గారూ నాదీ ఇదే బాధండి, కానీ నేను మగాణ్ణి. నేను ఐదేళ్లుగా ఇదే కంపెనీలో ఉన్నా, నేనే ఇంటర్వ్యూ చేసి తీసుకున్న అబ్బాయికి నాకంటే మూడు లక్షలు ఎక్కువ, వాడికి పని నేర్పింది నేనే, నాకు ఈ సెక్షన్ పనిచేస్తుందా

లేబర్ కేసుల లాయర్:

పనిచేయదండి. మూడో సెక్షన్ జెండర్ వల్ల వచ్చే తేడా గురించే. గవర్నమెంట్‌లో అయితే వేరే దారి ఉంది, 1982లో రణధీర్ సింగ్ కేసులో ఢిల్లీ పోలీస్ డ్రైవర్‌కి, 2016లో జగ్జీత్ సింగ్ కేసులో పంజాబ్ టెంపరరీ ఉద్యోగులకి సమాన పనికి సమాన వేతనం అనే సూత్రం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది, కానీ అవి ప్రభుత్వం మీద ఉన్న బాధ్యత నుంచి వచ్చినవి. ప్రైవేట్ కంపెనీలో ఇద్దరు మగవాళ్ల మధ్య తేడాకి ఆ దారి లేదు. మీకు పేరోల్ అక్క చెప్పిన బ్యాండ్ ప్రశ్నే ఆయుధం.

మూసాపేట్ మెట్రో:

నాకొక మాట అనిపిస్తుంది, తప్పుగా అనుకోకండి. అందరూ జీతాలు చెప్పుకోవడం మొదలుపెడితే టీమ్‌లో రోజూ గొడవలే అవుతాయి. ఎవరికైనా నా కంటే పక్కనోడికి ఎక్కువ అని తెలిస్తే మనసు విరిగిపోద్ది, పని మీద ధ్యాస ఉండదు. బాగా చేసేవాడికి ఎక్కువ ఇవ్వడం కూడా న్యాయమే కదా, అందర్నీ ఒకే గాటన కడితే కష్టపడేవాడు ఎందుకు కష్టపడతాడు. నేను టీమ్ లీడ్‌గా చెప్తున్నా, తెలియకపోవడమే ప్రశాంతం

పేరోల్ అక్క:

బాగా చేసేవాళ్లకి ఎక్కువ ఇవ్వొద్దని ఎవరన్నారు తమ్ముడూ? ఎక్కువ ఎందుకిచ్చారో చెప్పగలగాలి అంటున్నాం అంతే. చెప్పలేని తేడా ఉంటేనే దాచాల్సి వస్తుంది. మా నాన్న జిల్లా పరిషత్ స్కూల్ టీచర్, ఆయన జీతం ఊళ్లో ఎవరికి తెలీదు? పీఆర్సీ స్కేల్, సర్వీస్, ఇంక్రిమెంట్లు చూసి ఎవరైనా లెక్కకట్టేస్తారు. పక్క క్లాసులో సుజాత టీచర్‌కి, ఆయనకి ఒకే స్కేల్. ఎవరూ కొట్టుకోలేదు, స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతూ డీఏ ఎంత పెరిగిందో అందరూ కలిసే లెక్కేసుకునేవాళ్లు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆఫీసులు తమ ఉద్యోగుల నెల జీతాలు వాళ్లంతట వాళ్లే బయటపెట్టాలి. 2005 నుంచి ఉంది ఇది, ఆఫీసులేం కూలిపోలేదు.

ప్రైవేట్‌లో కూడా కొంచెం తలుపు తెరుచుకుంది. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ నిబంధనల వల్ల దేశంలో పెద్దవైన 1000 లిస్టెడ్ కంపెనీలు ఏటా వ్యాపార బాధ్యతల మీద బీఆర్ఎస్ఆర్ అని ఒక రిపోర్ట్ ఇవ్వాలి, అందులో మగ ఉద్యోగుల మీడియన్ జీతం (అందర్నీ జీతం వరసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల జీతం), ఆడ ఉద్యోగుల మీడియన్ జీతం పక్కపక్కన రాయాలి. మీ కంపెనీ లిస్టెడ్ అయితే యాన్యువల్ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసి చూడండి అందరూ. ఒక్క మాట, మీడియన్‌లో తేడా ఉందంటే నేరుగా అన్యాయం అని కాదు, పై పోస్టుల్లో ఆడవాళ్లు తక్కువున్నా ఆ తేడా వస్తుంది. అయినా అది చూపించి అడగడానికి ఒక మొదలు దొరుకుతుంది.

డెన్వర్ నుంచి:

ఇక్కడ మా కొలరాడోలో 2021 నుంచి ఉద్యోగ ప్రకటనలోనే జీతం రేంజ్ వేయాలండి, వేయకపోతే ఫైన్. కాలిఫోర్నియాలో 2023 నుంచి, న్యూయార్క్ సిటీలో 2022 నవంబర్ నుంచి. పాత జీతం ఎంత అని అడగడమే చాలా రాష్ట్రాల్లో నిషేధం, ముందుగా ఆ చట్టం చేసింది మసాచుసెట్స్. నేను హైదరాబాద్‌లో మారినప్పుడల్లా పేస్లిప్పులు పంపేదాన్ని, ఇక్కడ మొదటి ఇంటర్వ్యూలో రిక్రూటరే రేంజ్ చెప్పి నీకు ఓకేనా అంది, నాకు కాసేపు నోట మాట రాలేదు. యూరప్‌లో కూడా 2023లో పే ట్రాన్స్‌పరెన్సీ డైరెక్టివ్ పాస్ చేశారు, దేశాలు 2026 జూన్ 7 లోపు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలని గడువు పెట్టారు, అదే పని చేసేవాళ్ల సగటు జీతం ఆడామగా విడివిడిగా చెప్పమని ఉద్యోగి అడగొచ్చు, కంపెనీ చెప్పాలి. మన గచ్చిబౌలిలో ఆఫీసులున్న కంపెనీల్లో చాలావాటికి అక్కడా ఆఫీసులున్నాయి. అక్కడ రేంజ్ వేస్తున్నవాళ్లు ఇక్కడ ఎందుకు వేయరో అడగాలి అందరం.

అడ్డా కూలీ బిడ్డ:

మీరంతా లక్షల మాట మాట్లాడుతున్నరు, నేనొక మాట చెప్పాలె. మా అమ్మ కూకట్‌పల్లి అడ్డా మీద నిలవడి బిల్డింగ్ పనికి పోతది. అక్కడ జీతం దాచుడు ఏం లేదు, అందరి ముందటనే బేరం అయితది, మగ కూలికి ఇంత ఆడ కూలికి ఇంత అని మేస్త్రీ బాజాప్తా చెప్తడు. మాలు తట్ట మా అమ్మ మూడో అంతస్తు దాక మోస్తది, మగాయన కింద మాలు కలుపుతడు, ఆయనకు రోజుకు రెండు మూడు వందలు ఎక్కువ. అడిగితే ఏమంటరు, మగోడు సిమెంటు బస్తా ఎత్తుతడు అంటరు. మరి పొద్దుందాక మెట్లు ఎక్కి దిగుడు శ్రమ కాదా? లాయర్ సార్ చెప్పిన ఆ నాలుగిట్ల శ్రమ ఉన్నది కదా, దాన్ని ఎవలు కొలుస్తున్నరు?

ఊర్ల ఉపాధి హామీ పనికి పోయినప్పుడు ఆడోళ్లకు మగోళ్లకు ఒకటే రేటు ఉండె, మా అమ్మ ఇప్పటికి గది యాది చేస్తది. రేటు గవర్నమెంట్ రాసినకాడ సమానం అయ్యింది, బేరం కాడ కాలేదు. గందుకే నేననేది, తెలుసుడు ఒక్కటే సరిపోదు, అడిగితే పని పోదు అన్న ధైర్యం గూడ ఉండాలె. మా అమ్మ అడిగితే రేపు మేస్త్రీ ఆమెను బండి ఎక్కించుకోడు. అక్కా నీకు ఆఫర్ లెటర్ ఉన్నది, మెయిల్ ఉన్నది, నువ్వన్న అడుగు.

లేబర్ కేసుల లాయర్:

అమ్మా, నువ్వు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కాదనలేను. కనీస వేతనాల్లో ఆడవాళ్లకి వేరే రేటు అనేది చట్టంలో లేదు, మీ అమ్మగారి విషయంలో మేస్త్రీ చేసేది ఓపెన్‌గా చట్టవిరుద్ధం. క్లెయిమ్ ఆమె పేరు మీదే వేయక్కర్లేదు, ఆమె మెంబర్‌గా ఉన్న భవన నిర్మాణ కార్మికుల యూనియన్ వేయొచ్చు, లేబర్ ఇన్‌స్పెక్టర్ కూడా వేయొచ్చు, అప్పుడు మేస్త్రీ ఒక్క మనిషి మీద కక్ష కట్టలేడు. బిల్డింగ్ వర్కర్స్ వెల్ఫేర్ బోర్డ్ కార్డ్ లేకపోతే ముందు అది చేయించండి.

నానక్‌రామ్‌గూడ టెస్టర్:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. చెల్లీ, నీ పోస్ట్ చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. అడుగుతాను, డిసైడ్ అయ్యాను. మెయిల్ డ్రాఫ్ట్ రాశాను, ఇంగ్లిష్‌లోకి తర్వాత మారుస్తా, చూసి చెప్పండి:

"నేను ఈ గ్రేడ్‌లో చేరినప్పటినుంచి నా రేటింగులు ఇవి, నేను చూసిన రిలీజులు ఇవి. నా ప్రస్తుత ఫిక్స్‌డ్ పే నా పని స్థాయికి తగ్గట్టు లేదని నాకనిపిస్తోంది. నా గ్రేడ్ పే బ్యాండ్, అందులో నా స్థానం తెలియజేయగలరు. నాతో సమానమైన పని చేస్తున్న మగ ఉద్యోగులకి ఎక్కువ ఇస్తున్నారని నాకు తెలుసు, కాబట్టి వేతనాల కోడ్ సెక్షన్ 3 ప్రకారం నా జీతం సరిచేయాలి, లేదంటే కార్మిక శాఖకి వెళ్తాను."

పేరోల్ అక్క:

మొదటి మూడు వాక్యాలు చాలా బాగున్నాయి. రిలీజుల పక్కన మీ మాడ్యూల్స్ పేర్లు కూడా రాయి. చివరిది ఇప్పుడొద్దు, ఆ లైన్ చూడగానే మెయిల్ హెచ్ఆర్ నుంచి లీగల్‌కి పోతుంది, ఇక నీతో మనిషిలా మాట్లాడేవాళ్లు ఉండరు. మేనేజర్‌తో ముందు ఒకసారి మాట్లాడి, మీటింగ్‌లో చెప్పాక మెయిల్ పెట్టు, తనకి తెలీకుండా పైకి వెళ్లావు అనిపించకూడదు.

లేబర్ కేసుల లాయర్:

ఆవిడతో ఒప్పుకుంటాను. "మగ ఉద్యోగులకి ఎక్కువ ఇస్తున్నారని నాకు తెలుసు" అన్నారంటే ఎలా తెలుసు అని మొదటి ప్రశ్న వస్తుంది, మీ స్నేహితుడు అక్కడే దొరికిపోతాడు. దాని బదులు ఇలా రాయండి: "నా గ్రేడ్‌లో సమానమైన పని చేస్తున్న వారందరి వేతనాలతో నా వేతనాన్ని సరిచూసి, తేడా ఉంటే కారణం లిఖితపూర్వకంగా తెలియజేయగలరు." సెక్షన్ నంబర్ వేయకపోయినా చదివేవాళ్లకి ఏ చట్టమో తెలుస్తుంది. ఆఫీస్ మెయిల్ పర్సనల్ ఐడీకి ఫార్వర్డ్ చేసుకోకండి, అది పట్టుకుని డేటా పాలసీ ఉల్లంఘన అంటారు, పంపిన తేదీ, ఎవరికి పంపారు, ఏం జవాబొచ్చింది అనేది మీ డైరీలో రాసుకోండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిల్ మీద రిమైండర్ పెట్టి, ఆ తర్వాత ఇక్కడ చెప్పండి.